వచ్చిన వరుస పేర్లు, వెంట ఉండే పేర్లు



ఏ శాస్త్రమైనా మొదట పేర్లు పెట్టుకుంటుంది. ఆ తరువాతనే పని మొదలుపెడుతుంది. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణంలో తొలి పరిచ్ఛేదం సంజ్ఞా పరిచ్ఛేదం. సంధులూ సమాసాలూ క్రియలూ అన్నీ దాని వెనుకనే వస్తాయి. ద్రుతమంటే ఏమిటో, కళ అంటే ఏమిటో ముందుగా తేల్చుకోనివానికి సంధి సూత్రం ఎంత చెప్పినా ప్రయోజనం లేదు. పండిత శిక్షణలో ఇది నేర్చుకొని, ఉద్యోగమంతా పల్లెటూళ్ల బడులలో తెలుగు చెప్పి, పదవీ విరమణ తరువాత కంప్యూటరు ముందు కూర్చున్న నాకు, లినక్సులో హార్డు డిస్కులకు పేర్లు పెట్టే పద్ధతి చదువుతుంటే ఆ మొదటి పరిచ్ఛేదమే మళ్లీ కళ్లముందు నిలిచింది.

ఈ టపాలో చెప్పబోయేది ఆ పేర్ల సంగతి. సాంకేతిక నిపుణులకు ఇందులో కొత్తదేమీ ఉండకపోవచ్చును. నావలె పాటలనో, పద్యాలనో, పాత పుస్తకాల ఛాయాచిత్రాలనో డిస్కులలో దాచుకుంటున్నవారికి మాత్రం ఇది తెలియకపోతే నష్టం ఉన్నది.

కొన్నేళ్లుగా నేను కరీంనగర్, ఆదిలాబాదు పల్లెలలో పెద్దవాళ్లు పాడే పాటలను రికార్డు చేసి దాచుతున్నాను. నాట్ల పాటలు, దంపుడు పాటలు, బతుకమ్మ పాటలు, పెండ్లి పాటలు. పాడినవారిలో చాలామంది ఇప్పుడు లేరు. వారి గొంతులు ఉన్నవి రెండే చోట్ల: ఒక డిస్కులో మూలం, మరొక డిస్కులో దాని ప్రతి. నా దగ్గర చదువుకొని ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న ఒక శిష్యుడు వచ్చి నా కంప్యూటరులో లినక్సు పెట్టి, రెండు డిస్కులూ తగిలించి చూపించాడు. పోతూ పోతూ ఒక మాట చెప్పాడు: "సార్, తెర మీద ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అని కనబడుతుంది గదా, ఆ పేర్లను మాత్రం నమ్మకండి." ఎందుకు నమ్మకూడదో తెలుసుకోవడానికి నాకు ఒక వేసవి పట్టింది.

లినక్సుకు గుండెకాయ వంటి కెర్నెలు, డిస్కులు కనబడిన వరుసలో వాటికి పేర్లు పెట్టుకుంటూ పోతుంది. మొదట కనబడినది ఎస్‌డీఏ, రెండవది ఎస్‌డీబీ, మూడవది ఎస్‌డీసీ. అంతకుమించి ఆ అక్షరాలలో అర్థం లేదు. రేపు కంప్యూటరును మళ్లీ వెలిగించినప్పుడు రెండవ డిస్కు కాస్త ఆలస్యంగా తిరగడం మొదలుపెడితే, మూడవది ముందుగా పలికితే, పేర్లు తారుమారవుతాయి. తీగను ఒక రంధ్రంలోనుండి తీసి పక్క రంధ్రంలో పెట్టినా అంతే. కెర్నెలు దృష్టిలో ఇందులో తప్పేమీ లేదు. ఎవరు ముందు వస్తే వారికి ముందు పేరు.

బడిలో పనిచేసినవారికి ఇది సులువుగా బోధపడుతుంది. హాజరు పట్టీలో పిల్లవానికి ఒక వరుస సంఖ్య ఉంటుంది. ఆరవ తరగతిలో పదిహేడవ సంఖ్య పిల్లవాడు ఏడవ తరగతిలో ఇరవై మూడు కావచ్చు. ఎవరో టీసీ తీసుకొని వెళ్లిపోతారు, ఎవరో కొత్తగా చేరుతారు, వరుస జరుగుతుంది. ఉదయం పేర్లు పిలవడానికి ఆ సంఖ్య చాలు. పదేళ్ల తరువాత ఒక యువకుడు వచ్చి "సార్, నా పుట్టిన తేదీ ధ్రువపత్రం కావాలె" అంటే మాత్రం ఏ గుమాస్తా కూడా హాజరు పట్టీ తెరవడు. బీరువాలోని అడ్మిషన్ రిజిస్టరు తీస్తాడు. అందులోని సంఖ్య ఆ పిల్లవానికి బడిలో అడుగుపెట్టిన రోజున ఇచ్చినది. తరగతి మారినా, వరుస మారినా, పిల్లవాడు బడి విడిచిపోయినా అది మారదు, మరొకరికి ఇవ్వరు. ఎస్‌డీబీ అనేది హాజరు పట్టీ సంఖ్య. దానిని అడ్మిషన్ సంఖ్యగా భావించడంలోనే ప్రమాదమంతా ఉన్నది.

ఆ ప్రమాదం ఎటువంటిదో నా మిత్రుడొకరి విషయంలో చూశాను. ఆయన కూడా విశ్రాంత ఉపాధ్యాయుడే, పాటలు సేకరించేవాడే. ప్రతి రాత్రి ఎస్‌డీబీలో ఉన్నదంతా ఎస్‌డీసీలోకి ప్రతి తీసేటట్లు, మూలంలో లేనిది ప్రతిలోనుండి తొలగించేటట్లు ఎవరో ఆయనకు ఒక ఆజ్ఞల పట్టిక రాసిపెట్టారు. నెలల తరబడి చక్కగా నడిచింది. ఒక ఎండాకాలం సాయంత్రం కరెంటు పోయి వచ్చింది. కంప్యూటరు తిరిగి లేచింది. ఈసారి ప్రతి ఉండే డిస్కు ముందుగా కనబడి ఎస్‌డీబీ అయింది. ఆ రాత్రి ప్రతి తీయడం ఎప్పటివలెనే జరిగింది, దిశ మాత్రం తిరగబడింది. ముందటి రాత్రి నుండి ఆ సాయంత్రం దాకా మూలంలో చేర్చిన పాటలన్నీ, "ప్రతిలో లేవు కాబట్టి" తుడిచివేయబడ్డాయి. ఆ రోజు చేర్చిన వాటిలో ఒక అవ్వ పాడిన కథాగేయం ఉంది. రికార్డు పెట్టెలో స్థలం కోసం అసలు ఫైలును అప్పటికే తీసివేశారు. మరుసటి నెల మళ్లీ పాడించుకుందామని వెళ్లేసరికి అవ్వ లేదు. యంత్రం ఏ ఆజ్ఞనూ అతిక్రమించలేదు. పేరు చెప్పినవాడు ఒక వస్తువును తలచుకొని చెప్పాడు. యంత్రం ఆ పేరుకు ఆ రోజున ఏ వస్తువు ఉన్నదో దానిని పట్టుకున్నది.

పూర్వం ఇంత అయోమయం లేదు. పాత ఐడీఈ డిస్కుల కాలంలో పేరు స్థానాన్ని బట్టి వచ్చేది. మొదటి తీగ మీద పెద్ద డిస్కు హెచ్‌డీఏ, చిన్నది హెచ్‌డీబీ. రెండవ తీగ మీదివి హెచ్‌డీసీ, హెచ్‌డీడీ. తరగతిలో బెంచీని బట్టి పిలిచినట్లు. నడుమ బెంచీ ఖాళీగా ఉన్నా వెనుక బెంచీ పేరు మారదు. తరువాత యూఎస్‌బీ వచ్చింది. ఏ క్షణంలోనైనా పెట్టవచ్చు, తీయవచ్చు. 2007 ప్రాంతంలో ఐడీఈ డిస్కులు కూడా ఎస్‌డీ వరుసలోనే కలిశాయి. బెంచీలు పోయి అందరూ వచ్చిన వరుసలో నేల మీద కూర్చున్నట్లయింది.

దీనికి విరుగుడుగా 2003లో గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ అనే కెర్నెలు నిపుణుడు యూడెవ్ అనే సాధనాన్ని ప్రారంభించాడు. 2012 నుండి అది సిస్టమ్‌డీలో భాగమయింది. అది చేసే పని చాలా మర్యాదగా ఉంటుంది. కెర్నెలు పెట్టిన పేరును అది మార్చదు. డిస్కు వచ్చిందని కెర్నెలు కబురు చెప్పగానే, యూడెవ్ ఆ డిస్కును పరిశీలించి, దాని స్వభావాన్నిబట్టి అదనపు పేర్లను లంకెలుగా పక్కన చేరుస్తుంది. వ్యాకరణం చదివినవారికి ఆగమానికీ ఆదేశానికీ భేదం తెలుసు. ఆగమం మిత్రునివలె వచ్చి పక్కన కూర్చుంటుంది. ఆదేశం శత్రువువలె వచ్చి ఉన్నదానిని తొలగించి ఆ చోట కూర్చుంటుంది. డిస్కుల విషయంలో యూడెవ్‌ది ఆగమ మార్గం.

ఈ అదనపు పేర్లు ముఖ్యంగా నాలుగు విధాలు. ఒక్కొక్క దానికి ఒక్కొక్క ఆయుర్దాయం ఉన్నది. అది తెలిసి వాడుకోవడమే అసలు విద్య.

మొదటిది మార్గాన్నిబట్టి వచ్చే పేరు. డిస్కు ఏ రంధ్రానికి తగిలించి ఉన్నదో ఆ దారి అంతా ఇందులో ఉంటుంది. ఇది బెంచీ పేరు. డిస్కు మారినా రంధ్రం అదే అయితే పేరు అదే. రంధ్రం మారితే డిస్కు అదే అయినా పేరు వేరు.

రెండవది ఉత్పత్తిదారు, నమూనా, క్రమసంఖ్య కలిపి కూర్చిన పేరు. ఇది శరీరం మీది పుట్టుమచ్చ వంటిది. డిస్కును ఎన్నిసార్లు తుడిచి మళ్లీ సిద్ధం చేసినా పోదు. డిస్కు చెడిపోయి కొత్తది కొంటే మాత్రం దానితోనే పోతుంది. మరొక చిక్కు కూడా ఉంది. కొన్ని చవక యూఎస్‌బీ పెట్టెలు లోపలి డిస్కు సంఖ్యను దాచి, అన్నింటికీ ఒకే సంఖ్య చెబుతాయి. అటువంటివి రెండు తగిలిస్తే కవల పిల్లలకు ఒకే పుట్టుమచ్చ ఉన్నట్లే.

మూడవది యూయూఐడీ. డిస్కు భాగాన్ని ఫైళ్లు పెట్టుకోవడానికి సిద్ధం చేసినప్పుడు దాని లోపలనే రాయబడే 128 బిట్ల సంఖ్య. అంకెలూ అక్షరాలూ అడ్డుగీతలూ కలిపి 36. చూడడానికి ఏ అర్థమూ ఉండదు. శాస్త్రంలో రూఢ పదమంటాం గదా, అవయవాల నుండి అర్థం రాని పదం, అదే ఇది. అర్థం లేకపోవడమే దాని బలం. స్థానాన్నిబట్టి కాని, వరుసనుబట్టి కాని, యజమానినిబట్టి కాని పుట్టలేదు కాబట్టి అవి మారినప్పుడు ఇది మారదు. మళ్లీ సిద్ధం చేస్తే పాతది పోయి కొత్తది పుడుతుంది. ఒక డిస్కును ఉన్నదున్నట్లు మరొక డిస్కు మీదికి అచ్చు దింపితే ఈ సంఖ్య కూడా దిగుతుంది. అప్పుడు రెండింటినీ ఒకేసారి తగిలించకూడదు.

నాలుగవది మనం పెట్టుకునే ముద్దుపేరు, లేబులు. ఇది మనుషుల కోసం. ఇక్కడ తెలుగు రాసేవారికి ఒక ముచ్చట. ఈఎక్స్‌టీ4 పద్ధతిలో లేబులుకు 16 బైట్ల చోటే ఉంది. యూనికోడు తెలుగులో ఒక్కొక్క సంకేతానికి 3 బైట్లు కావాలి. అంటే అయిదు సంకేతాలకే చోటు. గుణింతపు గుర్తు కూడా ఒక సంకేతమే. "జానపదాలు" అని పెట్టుకుందామంటే ఎనిమిది సంకేతాలు, 24 బైట్లు, పట్టదు. "పాటలు" అంటే పకారం, దాని దీర్ఘం, టకారం, లకారం, దాని కొమ్ము, వెరసి అయిదు, 15 బైట్లు. సరిగ్గా పట్టింది. నా మూలం డిస్కు పేరు అదే. ఛందస్సులో గణాలు లెక్కపెట్టినవానికి ఇటువంటి లెక్క సంతోషమే కలిగిస్తుంది. అయితే ముద్దుపేరుకు ఒక దోషముంది. ఒక ఊళ్లో ఇద్దరు రాజన్నలు ఉన్నట్లే, రెండు డిస్కులకు ఒకే లేబులు పెట్టకుండా ఎవరూ అడ్డుపడరు.

ఈ పేర్లన్నింటినీ ఇచ్చే సూత్రాలు ఒక ఫైలులో ఉంటాయి. దాని పేరు 60తో మొదలవుతుంది. సూత్రాల ఫైళ్లన్నింటినీ యూడెవ్ పేర్ల వరుసలో చదువుతుంది. మనకు కావలసిన సూత్రాన్ని 99తో మొదలయ్యే ఫైలులో రాసుకుంటే అది చివరన వస్తుంది. ఒకే విషయానికి రెండు సూత్రాలు పోటీపడితే పరసూత్రానికే బలం. పాణినీయులకు ఇది చిరపరిచితం. వ్యవస్థతో వచ్చిన ఫైలును ముట్టుకోనవసరం లేదు. ఎట్‌సీ సంచిలో అదే పేరుతో మన ఫైలు పెడితే మనదే చెల్లుతుంది, అది అపవాదం.

సూత్రం రాసేటప్పుడు చిహ్నాల విషయంలో జాగ్రత్త అవసరం. సమాన చిహ్నం రెండుసార్లు వేస్తే అది ప్రశ్న: "ఈ డిస్కు క్రమసంఖ్య ఇదేనా?" ఒకసారి వేస్తే అది ఆజ్ఞ, ఆదేశం: ఉన్న లంకెల పట్టికను తీసివేసి ఇదొక్కటే ఉంచు. కూడిక గుర్తు పక్కన సమాన చిహ్నం వేస్తే అది ఆగమం: ఉన్నవాటికి దీనిని కూడా చేర్చు. లంకెల విషయంలో మనకు కావలసినది ఈ మూడవదే. ఇంకొకటి ఉంది. రెండు చుక్కల పక్కన సమాన చిహ్నం పెడితే, ఇక ఏ పరసూత్రమూ దీనిని మార్చరాదని అర్థం.

నిజానికి మనవంటివారికి సొంత సూత్రం రాసే అవసరం అరుదు. ప్రతి తీసే ఆజ్ఞలోను, కంప్యూటరు లేచినప్పుడు ఏ డిస్కును ఎక్కడ తగిలించాలో చెప్పే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ పట్టికలోను ఎస్‌డీబీ అనే మాట తీసివేసి యూయూఐడీ రాస్తే చాలు. పక్కన నోఫెయిల్ అనే మాట చేరిస్తే, డిస్కు తగిలించని రోజున కూడా కంప్యూటరు అలగకుండా లేస్తుంది. ప్రతి తీసే ముందు డిస్కు నిజంగా తగిలి ఉన్నదో లేదో చూసుకొని, లేకపోతే ఆగిపొమ్మని ఒక షరతు కూడా పెట్టాలి. ఆ 36 అక్షరాలను ఒక చీటీ మీద రాసి డిస్కు వీపున అంటించాలి. నా రెండు డిస్కులకూ అటువంటి చీటీలున్నాయి.

ఇదంతా యంత్రం సంగతి అనుకునేవాడినే, పాటల పట్టిక మళ్లీ తెరిచేదాకా. ఏ పాట ఎక్కడ పాడించుకున్నానో ఆ పట్టికలో రాసి ఉంది. ధర్మపురి, కరీంనగర్ జిల్లా. వేములవాడ, కరీంనగర్ జిల్లా. మంథని, కరీంనగర్ జిల్లా. కాళేశ్వరం, కరీంనగర్ జిల్లా. బాసర, ఆదిలాబాదు జిల్లా. రాసిననాటికి అదంతా సత్యం. 2016 అక్టోబరు 11, దసరా నాడు జిల్లాలు విభజించారు. ధర్మపురి జగిత్యాల జిల్లాలోకి, వేములవాడ రాజన్న సిరిసిల్లలోకి, మంథని పెద్దపల్లిలోకి, కాళేశ్వరం జయశంకర్ భూపాలపల్లిలోకి, బాసర నిర్మల్‌లోకి వెళ్లాయి. పాత ఆదిలాబాదు ఒక్కటే నాలుగు జిల్లాలయింది. అంతకుముందు మాత్రం? నిజాం కాలంలో కరీంనగర్‌ది ఎలగందుల జిల్లా. ఆసిఫాబాదు ఒకప్పుడు జిల్లా కేంద్రం, తరువాత ఆ గౌరవం ఆదిలాబాదుకు పోయింది, 2016లో కుమురం భీం పేరుతో మళ్లీ ఆసిఫాబాదుకు వచ్చింది. గోదావరి మాత్రం ధర్మపురి మెట్లకు ఎప్పటివలెనే తగులుతున్నది. ఊరు కదలలేదు, దారి పేరు మారింది.

బండ్ల పలకల మీద కూడా ఇదే కథ. కరీంనగర్ బండి మొదట ఏపీ 15, ఆదిలాబాదుది ఏపీ 01. 2014 తరువాత టీఎస్ 02, టీఎస్ 01. 2024 మార్చి నుండి కొత్త బండ్లకు టీజీ. పాత పలకలు ఇప్పటికీ అక్కడక్కడ తిరుగుతూనే ఉన్నాయి. పలక మీద ఏది ఉన్నా, ఇనుము మీద కొట్టిన ఛాసిస్ నంబరు అదే. బండి దొంగతనం పోతే దొరికిన బండి మనదేనని తేల్చేది ఆ నంబరే.

ఊళ్లకూ అటువంటి నంబరు ఉందని వెదికితే తెలిసింది. 2011 జనగణనలో ప్రతి రెవెన్యూ గ్రామానికి ఆరంకెల సంఖ్య ఒకటి ఇచ్చారు. దేశంలో ఒక గ్రామానికి ఇచ్చినది మరొక గ్రామానికి లేదు. ఇప్పుడు నా పట్టికలో ఊరి పేరు పక్కన ఆ సంఖ్య రాస్తున్నాను. జిల్లా పేరును కొట్టివేయలేదు. "రికార్డు చేసిననాటికి కరీంనగర్, 2016 నుండి జగిత్యాల" అని రెండూ ఉంచుతున్నాను. ఆదేశం వద్దు, ఆగమం చాలు.

ఇంతకూ ఆ పట్టికలో అన్నిటికంటె నన్ను కలవరపెట్టిన గడి గాయని పేరు. మా ప్రాంతపు పల్లెలలో పెద్దవయసు ఆడవారిని వారి పేరుతో పిలిచేవారు తక్కువ. ఫలానా కొడుకు అవ్వ, ఫలానా ఊరి నుండి వచ్చిన కోడలు, వాడకట్టు చివరి ఇంటి పెద్దమ్మ. ఇవి మార్గాన్నిబట్టి వచ్చే పేర్లు. కొడుకు పట్నం పోతే, ఇల్లు కూలితే, కోడలు అత్త అయితే ఆ పేరు పట్టుకొని వెదకలేము. ఒక అవ్వను "నీ పేరేందవ్వా?" అని అడిగితే, "నా పేరుతోని ఏం పని బిడ్డా, పాట రాసుకో" అన్నది. పక్కన కూర్చున్న కోడలికి కూడా ఆ పేరు తెలియదు. పదే పదే అడిగితే నవ్వి, తల్లిగారింట పెట్టిన పేరు చెప్పింది. ఎన్నేళ్లకో ఆ పేరు ఆ వాకిట్లో పలికినట్లున్నది, కోడలు వంట విడిచి వచ్చి విన్నది.

ఆనాటి నుండి నా పద్ధతి ఒకటి స్థిరపడింది. పాట మొదలుకాకముందే, రికార్డు నడుస్తుండగానే, పాడేవారి గొంతుతోనే చెప్పిస్తాను: తన పేరు, తల్లిగారి ఊరు, అత్తగారి ఊరు, ఈ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నది, ఈ రోజు ఏ తేదీ. ఫైలు పేరు మారవచ్చు, పట్టిక పోవచ్చు, డిస్కు వీపున అంటించిన చీటీ ఊడిపోవచ్చు. యూయూఐడీ డిస్కు లోపల ఉన్నట్లు, ఆమె పేరు పాట లోపల ఉంటుంది. ఎవరు ఎన్ని ప్రతులు తీసినా వెంట వస్తుంది. ఏ యంత్రంలో విన్నా, పాటకంటె ముందు ఆమె పేరే వినబడుతుంది.

పాటలు దాచుకుంటున్న మిత్రులు ఈ రోజే రెండు పనులు చేయండి. ప్రతి తీసే ఆజ్ఞలో ఎస్‌డీ అనే అక్షరాలు ఉన్నాయేమో చూసి తీసివేయండి. ఈసారి పాడించుకోవడానికి వెళ్లినప్పుడు, పాట అడిగే ముందు పేరు అడగండి.

సెలవు.